తడి ఇసుక మీద పట్టుచీర

ధర్మవరంలో సావుకారి నారాయణప్ప మగ్గాల కొట్టం అంటే ఒక పొడుగాటి మట్టిమిద్దె. వాకిలి మొదలు వెనక గోడ దాకా వరసగా గుంతమగ్గాలు. నేసేవాళ్ళు నడుము దాకా గుంతలో దిగి కూర్చుంటారు కాబట్టి, తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళకు ఎప్పుడూ సగం మనుషులే కనబడేవారు. ఉలిగప్ప మీసం రాకముందే ఆ గుంతలో దిగాడు. తండ్రి చలిజ్వరంతో పోతే ఆయన కూర్చున్న చోటే కొడుకు కూర్చున్నాడు. తల్లి చౌడక్క ఇంటి అరుగు మీద రాట్నం పెట్టుకొని కొట్టానికి కండెలు చుట్టి ఇచ్చేది.

ఉలిగప్ప మనిషి మెత్తన. పక్క మగ్గం మీద పోగు తెగిందంటే తన పని ఆపి, గుంతలోంచి లేచి పోయి, ముడి వేసి వచ్చేవాడు. శుక్రవారం చౌడేశ్వరి గుడిలో భజన అతని గొంతు లేకుండా మొదలయ్యేది కాదు. తల్లికి ఆ గొంతంటే గర్వం. చివరకు ఆ గొంతే అతని కొంప ముంచింది.

చైనావాళ్ళతో యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం సంగతి ఇది. రైలు గూడ్సాఫీసులో గుమాస్తాగా ఉన్న గంగాధరప్పది పెనుకొండ. చదువుకున్నవాడు, నాటకాల పిచ్చి ఉన్నవాడు. ఒక శుక్రవారం భజనలో ఉలిగప్ప గొంతు విని, ప్రసాదం చేతిలో ఉండగానే పట్టుకున్నాడు.

“కిరీటాలు, గదలు చాలప్పా. మన ఊరి పిల్లోళ్ళ మీద నాటకం రాసినా. తిండి లేక, పని లేక, ఊరు పట్టించుకోక, చివరికి కత్తి పట్టే కుర్రోడి కత. ‘గుంతలో బతుకు’ అని పేరు. రంగడి యేషం నీదే.”

“నాకు స్టేజీ అంటే కాళ్ళు వణుకుతాయన్నా.”

“వణకనీలే. రంగనికీ వణుకుతాయి.”

నాటకంలో రంగడు పట్నంలో కూలిమగ్గం నేసే కుర్రవాడు. సావుకారు పట్టుపోగుల చుట్ట ఒకటి, చిట్టమంటారు దాన్ని, దొంగిలిస్తాడు, దొరికిపోతాడు, హిందూపురం బస్టాండులో తాగుబోతుల సావాసం పడతాడు, చివరకు అదే సావుకారును పొడుస్తాడు. స్కూలు గదిలో సాయంత్రాలు రిహార్సళ్ళు సాగాయి. అంతా బాగానే కుదిరింది కానీ దొంగతనం దగ్గరికి వచ్చేసరికి గంగాధరప్ప తల గోక్కున్నాడు.

“ఈడ ‘రంగడు పట్టు దొంగిలించును’ అని ఒక్క ముక్క రాసి పెట్టినా. ఊరికే నడుంలో దోపుకొని పోతే జనం ఆవలిస్తారు. నువ్వు నేసేవాడివి గదా, యట్ల చేస్తారో చూపించు.”

“నాకేం తెల్సన్నా? నేనెప్పుడన్నా దొంగతనం చేసినానా?”

“నువ్వు దొంగవని ఎవురన్యారు? కండ్లతో చూసింది చెప్పమంటాండా.”

చూసినమాట నిజమే. సావుకారు పట్టు తూకం వేసి ఇస్తాడు, నేసిన చీర తూకం వేసి తీసుకుంటాడు. రెండూ సరిపోతేనే కూలి. ఎండాకాలం గాలి పొడిగా ఉంటే పోగులు పుటుక్కున తెగుతాయని ప్రతి గుంతలోనూ ఒక పక్కన ఇసుక పోసి నీళ్ళు చల్లుకుంటారు. అది అందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు. కానీ పట్టుకు దాహం ఎక్కువ. చీరను మడిచి, కింద పల్చని బట్ట వేసి, ఆ తడి ఇసుక మీద ఉంచి గోనెపట్టా కప్పితే తెల్లారేసరికి తేమంతా పీల్చుకుంటుంది. చేత్తో తాకితే తడి తెలియదు, త్రాసు మీద మాత్రం బరువు చూపిస్తుంది. ఆ బరువుకు సరిపడా పట్టు ముందే చాటున తీసి పెట్టుకోవచ్చు.

కిందటేడు పక్క గుంతలో జయరాజు ఆ పని చేస్తుండగా ఉలిగప్ప చూశాడు. జయరాజు పెళ్ళాం అంజనమ్మ అప్పుడు బాలింత. ఒళ్ళంతా పొంగి మంచం పట్టింది, చంటిదానికి పాలు లేవు. గోనెపట్టా కప్పుతూ జయరాజు తలెత్తితే ఇద్దరి చూపులూ కలిశాయి. ఉలిగప్ప చప్పున తల తిప్పుకొని, మిగతావాళ్ళ ధ్యాస ఇటు రాకుండా గొంతెత్తి నరసింహస్వామి కీర్తన అందుకున్నాడు. ఆ రోజునుంచి జయరాజు అతణ్ణి సొంత తమ్ముడికంటే ఎక్కువగా చూసుకున్నాడు.

పక్క గుంతలో కంటపడిన సంగతి బయట అనకూడదన్నది ఆ కొట్టంలో ఎవరూ నేర్పని, అందరూ పాటించే కట్టుబాటు. ఉలిగప్ప దాన్ని మీరుతున్నానని అనుకోలేదు. జయరాజు పేరు తీయడం లేదు కదా, రంగడు కదా చేసేది అనుకున్నాడు. అయినా ఇది తెలియనివాళ్ళు ఎవరు అనుకున్నాడు. గుంతలో ఎన్నడూ కూర్చోనివాళ్ళకు తెలియదన్న సంగతి ఆ అమాయకుడికి తట్టలేదు. గిన్నెడు ఇసుక తెప్పించి, అంతా చేసి చూపించాడు.

గంగాధరప్ప కుర్చీలోంచి లేచి అతణ్ణి కౌగిలించుకున్నాడు.

నాటకం స్కూలు ఆవరణలో, దీపాలు పెట్టేవేళకు మొదలైంది. పెట్రోమాక్సు లైట్ల చుట్టూ పురుగులు. ముందు వరసలో పేము కుర్చీలో నారాయణప్ప కూర్చున్నాడు. నాటకంలో చెడ్డవాడు సావుకారే అని తెలిసి కూడా ఆయన పెద్దమనసుతో తన ఇంటి త్రాసును, ఒక నిజమైన పట్టుచీరను స్టేజీకి అరువిచ్చాడు. మగ్గాలవాళ్ళు పెళ్ళాంబిడ్డలతో నేలమీద కూర్చున్నారు.

రంగడు చిట్టం తీసి నడుంలో దోపుకున్నాడు. చీర మడిచాడు. తడి ఇసుక మీద పెట్టి, గోనె కప్పి, దాని పక్కనే పడుకొని ఒక విషాదగీతం పాడాడు. పాటలోనే తెల్లారింది. చీర తీసి త్రాసులో వేస్తే ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. సావుకారు వేషం వేసినవాడు “భేష్, సరిపోయిందిరా” అనగానే ఆవరణంతా ఈలలు. కుర్చీల్లోని పెద్దమనుషులు “వన్స్ మోర్” అని అరిచారు. ఉలిగప్ప ఒళ్ళు పులకరించి ఇంకోమారు చేశాడు. ఆ రెండోమారు తలెత్తి చూస్తే, నేలమీద కూర్చున్నవాళ్ళు ఒక్కరూ చప్పట్లు కొట్టడం లేదు. జయరాజు బిడ్డను భుజాన వేసుకొని జనంలోంచి బయటికి పోతున్నాడు. అంజనమ్మ తల వంచుకొని వెనకే నడుస్తోంది.

ఆఖరున నారాయణప్ప స్టేజీ ఎక్కి ఉలిగప్పకు శాలువా కప్పాడు.

“మా కొట్టం పిల్లోడు. ఇన్నేండ్లు యాపారం చేస్తాండా, నాకు తెలీంది ఈ పొద్దు నేర్పించినాడు,” అన్నాడు నవ్వుతూ.

మరునాడు పొద్దున కొట్టం వసారాలో ఒక వెదురుగడ వేలాడుతోంది. నారాయణప్ప దండెం కట్టించాడు. ఇక మీద చీర తెచ్చినవాడు దానిమీద వేసి పోవాలి. బాగా ఆరినాకే తూకం, తూకం అయినాకే కూలి. చీర దిగిన రోజే బియ్యం కొనుక్కునే ఇళ్ళవి. ఆ దండెం మీద చీర ఆరినన్ని నాళ్ళూ ఇంట్లో పొయ్యి ఆరాల్సిందే.

మొట్టమొదట దండెం ఎక్కింది జయరాజు చీర; చంటిదాని పాలకోసం మొదలుపెట్టిన ఆ పని అతను ఇంకా మానలేదు. ఆరింది. తూచారు. తగ్గింది.

నారాయణప్ప గొంతు పెంచలేదు. “పోలీసులకు చెప్పనులే. పిల్లలు గలోడివి. మగ్గం దిగి పో. నేను చెయ్యగలిగే పుణ్యం ఇంతే,” అన్నాడు.

జయరాజు వసారాలోకి వచ్చాడు. ఉలిగప్ప అప్పుడే పనికి వస్తూ మెట్టు మీద కాలు పెట్టాడు. “అన్నా, నేను నీ పేరు...” అని ఏదో చెప్పబోయాడు. జయరాజు దండెం గడను ఊడబెరికి ఎత్తాడు. ఉలిగప్ప తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు లోపల మగ్గాలవాళ్ళకు కూడా వినబడింది. ఎవరూ లేవలేదు. మగ్గాల టకటకలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

లేచి వచ్చింది వీధి మూలన బొరుగుల ఉగ్గాని అమ్ముకునే కుళ్ళాయమ్మ ఒక్కతే. పొయ్యి మీద బాండలి వదిలేసి వచ్చి, కొంగు చింపి చేతికి చుట్టింది. గొడవ విని కానిస్టేబులు వచ్చాడు.

“ఎవుర్రా కొట్టింది?”

“ఎవురూ కొట్టలేదు సార్. గుంతలో పడినా.”

కానిస్టేబులు నేలమీది గడను చూశాడు, జయరాజును చూశాడు, కుళ్ళాయమ్మను చూశాడు.

“అవును స్వామీ, ఎద్దు పడినట్ల పడినాడు. ఈ కండ్లతోనే చూసినా,” అంది ఆమె. ఆ ముసలామె గుడి మెట్టు మీద కూడా అబద్ధం ఆడి ఎరగదు. ఆ ఒక్క అబద్ధాన్ని దేవుడు ఆమె పుణ్యం లెక్కలోనే రాసుకొని ఉంటాడు.

జయరాజు ఆ సాయంత్రమే పెళ్ళాంబిడ్డతో హిందూపురం బండెక్కాడు. అక్కడ బెల్లం మండీలో మూటలు మోసే పని దొరుకుతుందని ఎవరో చెప్పారట.

ఉలిగప్ప చేతికి నాటువైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. అది అతుక్కునే లోపల వీధి మారిపోయింది. చౌడక్క కండెలు ఇవ్వబోతే మగ్గాలవాళ్ళ ఆడవాళ్ళు అందుకొని గమ్మున లోపలికి పోయేవాళ్ళు. అదివరకు పలకరించనిదే దాటిపోని, అదే కొట్టంలో నేసే అంజనప్ప ఒకనాడు అరుగు ముందు నిలబడ్డాడు.

“ఏమప్పా రంగా! ఈ పొద్దు మా ఇంట్లో పొయ్యి ఎలగలేదు. అది కూడా స్టేజీ మీద చూపిచ్చు పో. సావుకార్లు చప్పట్లు కొడతారు.”

“అన్నా, నాకు తెలీక...”

“తెలీక కాదబ్బా. తెలిసినోడివి గాబట్టే చూపిస్తివి.”

చౌడక్క కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. అతను నిద్రపోతున్నాడనుకొని చౌడేశ్వరి పటం ముందు మాత్రం అంది: “తల్లీ, వాని నోరు పాటకు మటుకే అనుకున్యా.”

అట్లాంటి రోజుల్లో గంగాధరప్ప నవ్వు మొహంతో వచ్చాడు. పెనుకొండలో నాటకాల పోటీలు పెడుతున్నారు, ‘గుంతలో బతుకు’ను రమ్మన్నారు.

“చెయ్యి విరిగిందన్నా,” అన్నాడు ఉలిగప్ప.

“మంచిదే గదప్పా! రంగనికి కట్టుంటే ఇంకా సహజంగా ఉంటాది.”

“అట్లయితే ఒక మాట. ఆ ఇసుక సీను తీసెయ్యన్నా. దాంతోనే జయరాజు బతుకు పాయ. అందరికీ కూలి ఆగిపాయ.”

గంగాధరప్ప మొహంలో నిజంగానే బాధ కనబడింది. చెడ్డవాడు కాదు ఆయన. చౌడక్కకని సంచీలో అరటిపండ్లు తెచ్చాడు కూడా. కానీ ఆయనకు మనుషులకంటే నాటకం దగ్గర.

“నా నాటకం చెప్పేదే అది గదా! పేదోణ్ణి అందరూ కలిసి యట్ల తరుముతారో! ఆ సీను తీస్తే ఏముంటాది? ఒట్టి ఏడుపు. జనం లేచిపోతారు.”

“దారి ఖర్చులు ఎవురు పెడతాండారు?”

గంగాధరప్ప కాస్త తటపటాయించాడు. “నారాయణప్పే పెడతాండాడు. నీ నటనంటే ఆయనకు శానా ఇష్టం.”

నారాయణప్ప ఉలిగప్పను పిలిపించి తనే చెప్పాడు. తాంబూలం నములుతూ, దయగానే చెప్పాడు.

“చెయ్యి సదురుకున్నాక నీ మగ్గం నీదే. ఇంకోన్ని కూర్చోబెట్టనులే. పెనుకొండలో బాగా ఆడు. హిందూపురం సావుకార్లను కూడా రమ్మని చెప్పినా. పాపం, వాళ్ళకూ తెలియల్ల గదా.”

ఉలిగప్పకు అప్పుడు అర్థమైంది. ఆకలిగొన్న కుర్రవాడి కోసం రాసిన నాటకం సావుకార్లకు పాఠంగా పోతోంది. పెనుకొండలో ఆ సీను ఆడితే హిందూపురం కొట్టాల్లో కూడా దండేలు కడతారు. ఆడకపోతే తన మగ్గం పోతుంది. మగ్గం తప్ప అతనికి ఇంకే పనీ రాదు. తల్లికి కళ్ళు మసకబారుతున్నాయి.

“పోయి ఆడు నాయనా,” అంది చౌడక్క. “మనమూ బతకల్ల గదా. చౌడేశ్వరమ్మ చూసుకుంటాదిలే.”

పెనుకొండ కొండ కింద, బడి ముందర పందిరి వేశారు. ఉలిగప్ప కట్టు మీదుగా చిరిగిన చొక్కా వేసుకొని స్టేజీ పక్కన నిలబడ్డాడు. గంగాధరప్ప ఇసుక గిన్నె తనే తడిపి పెట్టాడు. ముందు వరసలో నారాయణప్ప, ఆయన పక్కన పట్టు తలపాగాలతో హిందూపురంవాళ్ళు. ఒకాయన పక్కాయనకు “ఇప్పుడే, ఇప్పుడే వస్తాది చూడు” అని చెబుతున్నాడు.

రంగడు చిట్టం తీసి దోపుకున్నాడు. ఎడమచేత్తోనే చీర మడిచాడు. ఇసుక దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. హార్మోనియం పాటకు శ్రుతి ఇచ్చింది. ఉలిగప్ప పాట ఎత్తుకోలేదు. చీరను అట్లాగే గుండెకు ఆనించుకొని కాసేపు కూర్చొని లేచాడు. పొడి చీరనే తీసుకుపోయి త్రాసులో పడేశాడు. పళ్ళెం పైకి లేచింది.

సావుకారు వేషగాడు బిత్తరపోయాడు. అతని నోట్లో ఉన్నది “భేష్, సరిపోయిందిరా” అన్న మాటే. అది అనలేక, ఇంకేమనాలో తెలియక తెరల వైపు చూశాడు. తెర వెనకనుంచి గంగాధరప్ప “ఇసుకరా, ఇసుక!” అని పళ్ళు కొరుకుతున్నాడు.

“తగ్గింది సావుకారీ,” అన్నాడు ఉలిగప్ప. అది రంగడి గొంతు కాదు, భజనలో గొంతు. “నేనే తీసుకున్యా. ఇంట్లో తినేదానికి లేక తీసుకున్యా. యట్ల తీసుకున్యానో చెప్పను. నన్ను ఏమన్నా చేసుకో. మిగతావాళ్ళ జోలికి పోవద్దు.”

జనంలో ఎక్కడో ఒక ముసలావిడ “అయ్యో బిడ్డా” అంది. ఆ తర్వాత వెనకనుంచి ఈలలు, “నాటకం ఆడండ్రా” అని కేకలు. తెర దించారు.

“నా నాటకాన్ని నిలువునా చంపితివి గదరా!” అని గంగాధరప్ప ఏడ్చినంత పని చేశాడు.

నారాయణప్ప మాత్రం కోపపడలేదు. తెర బయట హిందూపురంవాళ్ళతో తీరిగ్గా అంటున్న మాటలు ఉలిగప్పకు చక్కగా వినబడ్డాయి.

“చూసినారా? వాని నోటితోనే ఒప్పుకున్యాడు. నాటకం అనుకుంటిమి గానీ, వాడే దొంగ. లేకపోతే ఇసుక మర్మం వానికి యట్ల తెలుస్తాది? ఇంట్లోకి పోయినాక నేనే ఇవరంగా చెబుతా రాండి.”

ఉలిగప్ప అక్కడే, విభూది రాసినట్టు పౌడరు మొహం మీద ఉండగానే కూలబడ్డాడు. తను నోరు మూసుకుంటే మర్మం ఆగిపోతుందనుకున్నాడు. ఒకసారి తన నోరు దాటిన మర్మం ఇక తనది కాదు. అది ఇప్పుడు నారాయణప్ప సొత్తు.

పొద్దున పెనుకొండ స్టేషనులో మిగతావాళ్ళు ధర్మవరం బండెక్కారు. అతన్ని ఎవరూ పిలవలేదు. హార్మోనియం వాయించే సాయిబు ఒక్కడు వెనక్కి వచ్చి, తన టవలుతో అతని మొహం మీది రంగు తుడిచి, చేతిలో హిందూపురం టికెట్టు పెట్టి పోయాడు. జయరాజు దగ్గరికి పోవాలని ఉందని ఉలిగప్ప ఆయనకు చెప్పలేదు. ఆయనే గ్రహించాడు.

బెల్లం మండీ వెనక సందులో జయరాజు ఉండేది తడికెల గుడిసె. ఉలిగప్ప వాకిట్లో నిలబడి జరిగిందంతా చెప్పాడు. పెనుకొండలో ఏం చేశాడో, నారాయణప్ప ఏమన్నాడో అన్నీ దాచకుండా చెప్పాడు. జయరాజు మూట మోసి వచ్చిన భుజాన్ని తడిగుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. అతని చూపు కట్టు కట్టిన చేతి మీదికి ఒకసారి పోయి, తిరిగి వచ్చింది.

“అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“ఏమీ వద్దన్నా. నీకు చెప్పి పోదామని వచ్చినా.”

“చెప్తివి గదా.” జయరాజు గొంతులో కసి కూడా లేదు, అలుపే ఉంది. “నేను చేసింది తప్పే. తెల్సు నాకు. నా తప్పు నాకాడ్నే ఉండింటే ఒక్క నా కడుపే కాలేది. నువ్వు దాన్ని దీపాలు పెట్టి ఊరందరికీ చూపిస్తివి. రెండుమార్లు చూపిస్తివి.”

మొదటిమారు ఉలిగప్ప తెలియక చేశాడు. రెండోమారు మాత్రం చప్పట్ల కోసం చేశాడు. అది అతనికీ తెలుసు.

అంజనమ్మ లోపలినుంచి సంగటిముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టిన పళ్ళెం తెచ్చి వాకిట్లో పీట మీద ఉంచింది. కుడిచెయ్యి ఆడనివాడని చూసి, ముద్దను చిన్న చిన్న ఉండలుగా తనే తుంచి పెట్టింది. మొహం మాత్రం చూడలేదు.

“తిని పో,” అన్నాడు జయరాజు.

ఉలిగప్ప ఎడమచేత్తో తిన్నాడు. చెంబులో నీళ్ళు తాగాడు. పోయాడు.

ఎంతో దూరమేమీ పోలేదు. ధర్మవరంలో దొంగని పేరు పడ్డవాడికి ఎవరూ గుప్పెడు పట్టు కూడా ఇవ్వరు. మణికట్టు వంకరగా అతుక్కొని, మగ్గం మీద నాడె విసిరి నేసే పని శాశ్వతంగా పోయింది. తల్లిని తెచ్చుకొని, అదే బెల్లం మండీలో మూటలు మోయడానికి చేరాడు. హిందూపురం కొట్టాల్లో ఆ వానాకాలానికే దండేలు కట్టారని మండీకి వచ్చే మగ్గాలవాళ్ళు తిట్టుకుంటుంటే, తల వంచుకొని వినేవాడు. గంగాధరప్పకు గుంతకల్లు బదిలీ అయింది. ఇంకొక రంగణ్ణి పెట్టుకొని, ఇసుక సీనుతోనే నాటకం చాలాచోట్ల ఆడించాడని చెప్పుకున్నారు.

ఉలిగప్ప, జయరాజు ఏండ్ల తరబడి ఒకే లారీకి ఒకరి వెనక ఒకరు మూటలు ఎత్తారు. ఒకరి వీపు మీది మూట జారితే ఇంకొకరు భుజం ఆనించి నిలబెట్టేవారు. మాట మాత్రం లేదు. చౌడక్క ఆఖరి జబ్బులో మంచం పట్టినప్పుడు అంజనమ్మ రోజూ గంజి కాచి తెచ్చి, ఆమె కాళ్ళు పిసికి, ఉలిగప్ప పనినుంచి వచ్చే లోపల వెళ్ళిపోయేది. చౌడక్క పోయిన నాడు పాడె నలుగురు మోయాలి. ముగ్గురు మాత్రమే దొరికారు. జయరాజు వచ్చి నాలుగో కొన పట్టుకున్నాడు. శ్మశానం దాకా నడిచాడు, మట్టి వేశాడు, చేతులు కడుక్కున్నాడు. ఉలిగప్ప “అన్నా” అని పిలిచాడు. జయరాజు ఆగకుండా మండీకి నడిచాడు.